ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టే ముందు అండం విడుదలైందో లేదో చూసుకోండి

పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడు డాక్టరు ప్రొజెస్టెరాన్ రాస్తే, చీటీ మీద ఒక్కోసారి ‘16వ రోజు నుంచి’ అని, అంటే నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి, ఉంటుంది. ఆ లెక్క 28 రోజులకోసారి నెలసరి వచ్చేవాళ్లకు సరిపోతుంది. మీకు 35 రోజులకోసారి వస్తుంటే అండం విడుదలయ్యేది దాదాపు 21వ రోజున. మీరూ 16వ రోజునే మొదలుపెట్టారనుకోండి, గర్భం కోసం వేసుకున్న మందే ఆ నెల గర్భానికి అడ్డుపడవచ్చు.

ప్రొజెస్టెరాన్ సహజంగా పెరిగేది అండం విడుదలయ్యాకే. అండం బయటికి వచ్చిన చోట మిగిలే కార్పస్ ల్యూటియం దాన్ని తయారుచేస్తుంది. పిండం అతుక్కోవడానికి గర్భాశయం లోపలి పొరను సిద్ధం చేయడం ఆ హార్మోను పని. అదే ముందుగా ఒంట్లోకి వెళ్తే కథ మారిపోతుంది. అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ అనే హార్మోను పెరగకుండా ఆగిపోవచ్చు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి స్రావం చిక్కబడి వీర్యకణాలకు దారి మూసుకుపోతుంది. లోపలి పొర ముందే పక్వమైపోయి, పిండం చేరేసరికి అదను దాటిపోవచ్చు. గర్భం రాకుండా వాడే మాత్రల్లో ఈ కోవకు చెందిన హార్మోన్లే ఉంటాయన్నది గుర్తుంచుకుంటే, తొందరపడటం ఎందుకు ప్రమాదమో అర్థమవుతుంది.

అందుకే డాక్టరు దగ్గరున్నప్పుడే ఒక్క మాట అడగండి: “ఫలానా తేదీ అని కాకుండా, అండం విడుదలైన ఎన్ని రోజులకు మొదలుపెట్టాలో రాసివ్వండి.” ఆ నెల అసలు విడుదల కాకపోతే ఏం చేయాలో కూడా అప్పుడే తెలుసుకోండి. మూత్రంలో ఎల్‌హెచ్ పెరిగిందో లేదో చూపే ఓవ్యులేషన్ స్ట్రిప్ పాజిటివ్ రాని నెలలో, టైమ్ అయిపోతోందన్న టెన్షన్‌లో చాలామంది మాత్ర మొదలుపెట్టేస్తారు. ఆ నెల అండం ఆలస్యంగా వస్తుండవచ్చు. మాత్ర వేసుకోకుండా ముందు ఫోన్ చేసి అడగండి.

ఇంట్లో వాడే ఓవ్యులేషన్ స్ట్రిప్ విషయంలో ఒక పొరపాటు మరీ ఎక్కువ. పాజిటివ్ గీత వచ్చిందంటే అండం విడుదలైపోయిందని కాదు, సాధారణంగా మరో 24 నుంచి 36 గంటల్లో విడుదలవుతుందని. ఆ రోజూ మర్నాడూ కలయికకు మంచి రోజులు, ప్రొజెస్టెరాన్‌కు మాత్రం కావు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు, అండం మాత్రం ఒక్క రోజుకు మించి నిలవదు. అందుకే పాజిటివ్ కోసం ఎదురుచూడకుండా ముందు నుంచే కలవడం మేలు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగానే ఉండి, స్ట్రిప్ ఉత్తుత్తి పాజిటివ్ చూపించవచ్చు. అండం విడుదల కోసం ఇచ్చే క్లోమిఫిన్ మాత్ర వాడుతున్న రోజుల్లోనూ, ఆపిన వెంటనే కూడా స్ట్రిప్‌ను నమ్మలేం. వీళ్లకు అండం ఎదుగుదలను చూసే ఫాలిక్యులర్ స్కానే సరైన దారి. అండం విడుదల చేయించే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తే దాదాపు 36 గంటలకు అండం విడుదలవుతుంది కాబట్టి, ఇంజెక్షన్ ఇచ్చిన గంట కూడా రాసిపెట్టుకోండి.

పొద్దున్నే లేవకముందు ఒంటి వేడి చూసుకునే అలవాటుంటే, అంతకు ముందు ఆరు రోజుల కంటే సుమారు 0.2 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వరుసగా మూడు రోజులు నిలిస్తే అండం విడుదలై ఉంటుంది. ఇది మాత్ర మొదలుపెట్టక ముందే చూడాలి. ప్రొజెస్టెరాన్ వల్ల కూడా వేడి పెరుగుతుంది, ఆ తర్వాత చార్టు చెప్పేదేమీ ఉండదు. అండం విడుదలైందో లేదో చెప్పే ప్రొజెస్టెరాన్ రక్తపరీక్ష కూడా అందరికీ ఒకే రోజున కాదు. ‘21వ రోజు పరీక్ష’ అంటారు గానీ, అది రావాల్సిన నెలసరికి వారం ముందు చేయించాల్సింది.

మాత్ర పేరు ఒకటికి రెండుసార్లు చదవండి. నెలసరిని వాయిదా వేయడానికి ఇచ్చే నోరెథిస్టిరోన్ వేరు, ఇది వేరు. తోడబుట్టినవాళ్లకు పనిచేసిందని వాళ్ల దగ్గర మిగిలిన మాత్రలు వేసుకోవద్దు. ఒంటికి రాసుకునే క్రీముల్లో ఎంత మందు లోపలికి వెళ్తుందో చెప్పలేం కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. నోటితో వేసుకునే ప్రొజెస్టెరాన్ క్యాప్సూల్ మత్తు తెస్తుంది, రాత్రి పడుకునే ముందు వేసుకోవడం మంచిది. కొన్ని క్యాప్సూల్స్‌లో వేరుశనగ నూనె ఉంటుంది, అలర్జీ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి. రక్తం గడ్డకట్టిన సమస్య, కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్, కారణం తెలియని రక్తస్రావం ఉన్నా దాచకండి.

అసలు ఇది మీకు అవసరమా అని అడగడంలోనూ తప్పు లేదు. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) పద్ధతిలో దీని ప్రయోజనం స్థిరపడింది. మందులేవీ లేకుండా సహజంగా ప్రయత్నించేవాళ్లకు గర్భం రావడానికి ఇది తోడ్పడుతుందని మాత్రం రుజువు కాలేదు. అండం విడుదలకూ నెలసరికీ మధ్య పది రోజులు కూడా ఉండటం లేదంటే, ముందు థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేయించమనే నేను చెబుతాను.

చివరి వారం మనసుకు చాలా కష్టం. రొమ్ముల నొప్పి, కడుపు ఉబ్బరం, నిద్రమత్తు ఈ మందువల్ల కూడా రావచ్చు. నెలసరి కూడా ఆలస్యం కావచ్చు. వీటిని చూసి ఆశపడనూ వద్దు, దిగులుపడనూ వద్దు. అండం విడుదలైన 14 రోజులకు గర్భ పరీక్ష చేసుకోండి. హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకుని ఉంటే అంతకంటే ముందు చేసే పరీక్ష తప్పుడు పాజిటివ్ చూపించవచ్చు. పాజిటివ్ వస్తే మీ అంతట మీరు మాత్ర ఆపకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. నెగెటివ్ అయితే ఎప్పుడు ఆపాలో అడిగి ఆపండి. ఆపిన కొద్ది రోజుల్లో నెలసరి వస్తుంది.

పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం చివర నొప్పి ఉంటే రక్తస్రావం లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. అది గర్భాశయం బయట నిలిచిన గర్భం కావచ్చు. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. వెళ్లగానే మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, పరీక్షలో ఏం వచ్చిందో చెప్పండి.