డయల్-అప్ మోడెమ్ అమరికలను అర్థం చేసుకోవడం ఎలా?

టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు గల ధ్వనులనే మోయగలదు కనుక, కంప్యూటర్ పంపే బిట్లను ఆ పరిధిలోని సంకేతాలుగా మార్చి పంపడం, అవతలి నుంచి వచ్చిన సంకేతాలను తిరిగి బిట్లుగా విడదీయడం మోడెమ్ చేసే పని.

ముందుగా బాడ్‌కూ, సెకనుకు బిట్లకూ ఉన్న తేడాను గ్రహించండి. చాలామంది పొరబడేది ఇక్కడే. లైనుపై సంకేతం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో బాడ్ చెబుతుంది. వి.22బిస్ అనే మోడెమ్ ప్రమాణంలో సంకేతం సెకనుకు 600 సార్లే మారుతుంది గానీ, ప్రతి మార్పూ 4 బిట్లను మోస్తుంది కాబట్టి వేగం 2400 బిట్లకు చేరుతుంది. పాత మోడెమ్ పెట్టెపై "2400 బాడ్" అని కనిపిస్తే, సాధారణంగా అది బిట్ల లెక్కేనని గ్రహించాలి.

తరువాత టెర్మినల్ ప్రోగ్రాములో (మోడెమ్ ద్వారా అవతలి కంప్యూటర్‌తో సంభాషించే సాఫ్ట్‌వేర్‌లో) 8 డేటా బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేకుండా, బైటు ముగింపును తెలిపే 1 స్టాప్ బిట్ ఎంచుకోండి. బైటు మొదలును తెలిపే స్టార్ట్ బిట్‌తో కలిపి ఒక్కో బైటుకు 10 బిట్లు ఖర్చవుతాయి కాబట్టి, 2400 బిట్ల వేగంలో సెకనుకు గరిష్ఠంగా 240 బైట్లు వెళ్తాయి. అవతలి కంప్యూటర్ అమరిక దీనికి భిన్నంగా ఉంటే తెరపై అర్థంలేని అక్షరాలు వస్తాయి. అప్పుడు మోడెమ్‌ను అనుమానించే ముందు పారిటీని సరిచూడడం ఉత్తమం.

మోడెమ్‌కు ఇచ్చే ఆదేశాలకు 1981లో హేస్ సంస్థ తెచ్చిన పద్ధతే వాడుకలో నిలిచింది. ఏటీజెడ్ మోడెమ్‌ను తొలి స్థితికి తెస్తుంది, ఏటీడీటీ తరువాత నంబరు ఇస్తే టోన్ పద్ధతిలో డయల్ చేస్తుంది, టోన్లను గుర్తించని పల్స్ ఎక్స్ఛేంజీ అయితే ఏటీడీపీ వాడాలి, ఏటీహెచ్ లైనును వదిలేస్తుంది.