సెల్ఫ్ తేలిగ్గా తిరుగుతుంటే ముందు తాళంచెవి తీసేయండి

హన్మకొండ నుంచి కరీంనగర్ దారిలో పోతుంటే పాత స్పోర్ట్స్ కారు ఇంజిన్ చటుక్కున ఆగిపోయిందనుకోండి. సెల్ఫ్ కొడితే ఎప్పటికన్నా వేగంగా, ఎక్కడా బరువు తగలనట్టు ఒకే లయలో తిరుగుతోంది. మొదటి అనుమానం టైమింగ్ బెల్ట్ మీదికే పోవాలి. పిస్టన్లతో తిరిగే క్రాంక్ షాఫ్ట్‌ను, వాల్వులను తెరిచి మూసే కామ్ షాఫ్ట్‌ను కలిపే పళ్ల బెల్ట్ అది. కామ్ ఆగిపోతే కొన్ని వాల్వులు తెరుచుకునే ఉంటాయి, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) నిలవదు. అందుకే ఆ తేలిక.

ఇంకోసారి సెల్ఫ్ కొట్టొద్దు. చుట్టూ చేరినవాళ్లు రెండో గేర్‌లో తోద్దామంటారు, అస్సలు ఒప్పుకోవద్దు. పోర్షా 944 లాంటి ఇంజిన్లలో బెల్ట్ తెగితే పైకొచ్చే పిస్టన్ తెరిచి ఉన్న వాల్వును గుద్దుతుంది. మొదటి తరం మాజ్డా ఎంఎక్స్-5లోని 1.6 లీటర్ల ఇంజిన్‌లో ఆ రెండూ తాకవు. మీది ఏ రకమో సర్వీస్ మాన్యువల్‌లో చూసేదాకా తాకే రకమే అనుకోండి. బండిని లారీ మీద ఎక్కించి తెప్పించండి.

ఇంజిన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, పై టైమింగ్ కవర్ విప్పండి. తెగి వేలాడుతుంటే కంటికే తెలుస్తుంది. బెల్ట్ నిండుగా కనిపించినా నమ్మొద్దు: కింద క్రాంక్ పుల్లీ దగ్గర నాలుగైదు పళ్లు రాలిపోయినా పైన బాగానే ఉన్నట్టుంటుంది. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్ బోల్టుకు సాకెట్ వేసి చేత్తో మెల్లగా తిప్పండి. ఇంజిన్ తిరిగే దిక్కుకే తిప్పాలి. చాలా పాత హోండాల్లో అది గడియారానికి ఎదురుదిక్కు. కామ్ కదలకపోతే బెల్టే పోయింది. ఎక్కడైనా పట్టేస్తే జర ఆగండి. పానాకు పైపు తొడిగి బలవంతం చేస్తే బాగున్న వాల్వు కూడా వంగుతుంది.

కామ్ తిరుగుతుంటే ఒకటో సిలిండర్‌ను టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి) తెచ్చి పుల్లీల మీది గుర్తులు చూడండి. కామ్ పుల్లీకి 48 పళ్లుంటే ఒక పన్ను జారడమంటే క్రాంక్ లెక్కలో 15 డిగ్రీల తేడా. బండి స్టార్టవుతుంది గానీ లాగదు, ఐడిల్‌లో వణుకుతుంది. పుల్లీ గుర్తునొక్కదాన్నే నమ్మకుండా ప్లగ్గు రంధ్రంలో సన్నటి ప్లాస్టిక్ గొట్టం దించి పిస్టన్ నిజంగా పైకొచ్చిందో లేదో చూసుకోండి. 1990, 91 ఎంఎక్స్-5లలో క్రాంక్ ముక్కు దగ్గర పుల్లీని కదలకుండా పట్టి ఉంచే కీ (చిన్న లోహపు ముక్క) అరిగి పుల్లీయే పక్కకు జరుగుతుంది. గుర్తులన్నీ సరిగ్గా కుదిరితే పెట్రోల్ పంపు, ఇగ్నిషన్ వెతకండి.

బెల్ట్ తెగిన బండికి హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పై భాగం) దించే ముందు వాల్వులు పరీక్షించవచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే, బెల్ట్ లేదు కాబట్టి, క్రాంక్‌ను టీడీసీ నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పండి. పిస్టన్లన్నీ బోర్ మధ్యలో ఉంటాయి. అప్పుడు కామ్‌ను గుర్తుకు తెచ్చి, క్రాంక్‌ను టీడీసీకి చేర్చి, బెల్ట్ ఎక్కించి, చేత్తో రెండు చుట్లు తిప్పండి. తర్వాత ఒక్కో సిలిండర్‌ను కంప్రెషన్ టీడీసీలో (వాల్వులన్నీ మూసుకుని ఉండే టీడీసీలో) నిలిపి కంప్రెసర్ గాలి పంపండి. ఇన్‌టేక్‌లోంచి బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆ రెంటిలో ఏది వినిపించినా హెడ్ దించాల్సిందే.

కారణం దొరక్కుండా కొత్త బెల్ట్ వేయొద్దు. సీళ్ల నుంచి కారే ఆయిల్, పట్టేసిన టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా ఉంచే పుల్లీ), బిగుసుకున్న వాటర్ పంపు ముందు చూడండి. రామగుండం వైపు ఎండలో ఏళ్లుగా నిలబడిన బండికి కిలోమీటర్లు తక్కువున్నా రబ్బరు పాతబడుతుంది. కవర్ పగిలుంటే గ్రానైట్ క్వారీల దుమ్ము లోపలికే పోతుంది. బెల్ట్, టెన్షనర్, ఐడ్లర్ (బెల్ట్‌ను దారిలో ఉంచే పుల్లీ), వాటర్ పంపు, కామ్-క్రాంక్ సీళ్లు ఒకేసారి మార్చి, తేదీ, మీటర్ రీడింగ్ కవర్ మీద మార్కర్‌తో రాసిపెట్టండి.