పత్తికి మందు కొట్టే ముందు: విషప్రభావం లెక్కకు అందేలా తీసుకోవలసిన జాగ్రత్తలు

పత్తి నిలువెత్తు పెరిగాక పిచికారీ చేస్తే తుంపర నేరుగా ఛాతీకి, ముఖానికి తగులుతుంది. 2017లో, ఆదిలాబాద్‌కు పొరుగునే ఉన్న మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషప్రభావానికి గురై ఇరవై మంది వరకు రైతులు, కూలీలు చనిపోగా, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఒకేచోట అంతమంది పడిపోయారు కనుక అది లోకానికి తెలిసింది. ఊరికొకరు చొప్పున పడిపోతే వడదెబ్బ అనో, వాంతులనో ఆసుపత్రి చీటీ మీద రాసేస్తే, అది ఏ లెక్కలోకీ రాదు.

అందువల్ల సీజన్‌కు ముందే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ రకాల పురుగుమందులు, నరాలు సరిగా పనిచేయడానికి అవసరమైన కోలినెస్టరేస్ అనే ఎంజైమును అణచివేస్తాయి. దాని సహజస్థాయి మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి, ముందటి పరీక్ష కాగితం దగ్గరుంటేనే తరువాత ఎంత పడిపోయిందో వైద్యునికి కచ్చితంగా తెలుస్తుంది. కూలీ చేత మందు కొట్టించే రైతే ఈ ఖర్చు భరించడం న్యాయమని నా అభిప్రాయం.

మందు కలిపే ముందు డబ్బా లేబులును ఫోన్‌లో ఫొటో తీయాలి. కంపెనీ పేరు కంటే దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరు ముఖ్యం. ఎర్ర త్రికోణం ఉంటే అత్యంత విషపూరితమని అర్థం. ఒకే డ్రమ్ములో రెండు మూడు మందులు కలిపితే అన్నిటి పేర్లూ, తేదీ, పని చేసిన గంటలూ నోటుబుక్కులో రాయాలి. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకూడదు. పంపు కారి వీపు తడిస్తే ఆ చొక్కా వెంటనే విప్పి సబ్బుతో కడుక్కోవాలి.

చూపు మసకబారడం, నోట చొంగ కారడం, విపరీతంగా చెమటలు పట్టడం, కండరాలు అదరడం, కంటిపాప సూదిమొనంత అవడం కనిపిస్తే 108కి ఫోన్ చేసి, లేబుల్ ఫొటోతో ఆసుపత్రికి వెళ్లాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో మందు సంగతి దాచకూడదు. “తాగలేదు, కొడుతుండగా ఒంటికి తగిలింది” అని స్పష్టంగా చెప్పి, రసాయనం పేరుతో సహా చీటీ మీద రాయించుకోవాలి. ఇలాంటి కేసులను నివేదించాలని ఆదేశించే అధికారాన్ని 1968 నాటి పురుగుమందుల చట్టంలోని 26వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. కానీ చీటీ మీద లేని కారణం నివేదికలోకి ఎక్కదు.

ఒకరు జబ్బుపడ్డారని తెలిసిన రోజే ఆశా కార్యకర్త ఆ చేనులో పనిచేసిన మిగతావారిని, ముఖ్యంగా నీళ్లు మోసి మందు కలిపిన ఆడకూలీలను, మరునాడు కలుపు తీసినవారిని కూడా అడిగి, పేర్లు తేదీలతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాయించాలి.