విమానం రేడియోలో రొద – 3వ పాఠం: మాగ్నెటో జాడ పట్టడం

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. ఇంజను నడుస్తుండగా మాస్టర్ స్విచ్చులో ఎడమ సగాన్ని, అంటే ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ స్విచ్చును, ఒక్క క్షణం ఆపి హెడ్‌సెట్‌లో ఏం మారిందో వినమన్నాను. ఈల లాంటి మోత ఆగిపోయిన వారికి ఈ పాఠంతో పని లేదు, వారి దొంగ ఆల్టర్నేటర్ దగ్గరే దొరికాడు. స్విచ్చు ఆపినా టకటక అలాగే ఉండి, థ్రాటిల్ తోసిన కొద్దీ ఆ టకటకలు దగ్గర పడుతూ ఉంటే మాత్రం అది ఇగ్నిషన్ రొద, అంటే ఇంధనాన్ని మండించే స్పార్కుల రొద. దాని సంగతే ఇవాళ.

మన నమూనా విమానం ఎప్పటిలాగే సెస్నా 172ఎస్. నాలుగు సిలిండర్ల లైకమింగ్ ఐఓ-360 ఇంజను, రెండు మాగ్నెటోలు (బ్యాటరీతో పని లేకుండా ప్లగ్గులకు స్పార్కు కరెంటు తామే పుట్టించేవి), సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు. వైర్‌లెస్ పుట్టిన కొత్తలో మార్కోనీ సందేశాలు పంపింది స్పార్కులతోనే. అంటే మన ఇంజను మీద ఎనిమిది పాతకాలపు ట్రాన్స్‌మిటర్లు కూర్చుని ఉన్నాయన్నమాట. పైగా విమానంలో మాటల రేడియో 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎమ్ పద్ధతిలో పనిచేస్తుంది. ఏఎమ్ రిసీవర్ తరంగం బలంలో హెచ్చుతగ్గులనే శబ్దంగా మారుస్తుంది కాబట్టి స్పార్కు విసిరే ప్రతి విసురూ చెవిలో ‘టక్’ మంటుంది.

మరి అన్ని విమానాల్లోనూ ఈ గోల ఎందుకు వినబడదు? మాగ్నెటో డొక్కు, ప్లగ్గు తీగల మీది లోహపు అల్లిక, ప్లగ్గు గొట్టం, అన్నీ కలిసి ఎక్కడా సందు లేని లోహపు పెట్టెలా ఉంటాయి కాబట్టి. రొద వినబడిందంటే ఆ పెట్టెకు ఎక్కడో చిల్లు పడింది. నేను పనిచేసిన ఒకచోట, ఇదే ఫిర్యాదుతో ఒక శిక్షణ విమానం రేడియోను మూడుసార్లు విప్పి బల్ల మీద పరీక్షించారు. మూడుసార్లూ ‘లోపం లేదు’ అని రాసి తిరిగి బిగించారు. ఆ రేడియోలో నిజంగానే ఏ లోపమూ లేదు. మూడో సిలిండరు కింది ప్లగ్గు తీగ క్లాంపు దగ్గర రాసుకుని అల్లిక తెగిపోయింది.

ఈ పాఠంలో ఇంజను నడుస్తుండగా చేసే పరీక్షలన్నీ పైలట్ సీట్లోంచి చేసేవే. బ్రేకులు వేసి ఉండాలి, ముందు ఎవరూ ఉండకూడదు, ప్రొపెల్లర్ దరిదాపుల్లోకి ఎవరినీ రానివ్వకండి. కౌలింగ్ (ఇంజను మీది రేకు కప్పు) విప్పి చేసే పని లైసెన్సున్న ఇంజనీరుది. మన దేశంలో పౌర విమానయాన సంస్థ డీజీసీఏ ఇచ్చిన లైసెన్సున్న ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజనీరు) సంతకం లేకుండా ఆ విమానం ఎగరకూడదు. జాడ మీరు పట్టండి, స్పానర్ ఆయన పడతారు.

మొదట చెవి పని. స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు రేడియోను మూగగా ఉంచే ఏర్పాటు) తీసేసి, ఎవరూ మాట్లాడని ఫ్రీక్వెన్సీలో పెట్టి, ఇంజనును 1000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 1000 చుట్లు) దగ్గర నిలపండి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక సిలిండరు రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. 1000 ఆర్‌పీఎమ్ అంటే నిమిషానికి 500 సార్లు, సెకనుకు ఎనిమిదికి కొంచెం పైన. నాలుగు సిలిండర్లూ కలిస్తే సెకనుకు 33. ఈ రెండు అంకెల మధ్య తేడాయే మన అసలు పనిముట్టు. ఒక్క తీగలోనో ఒక్క ప్లగ్గులోనో తప్పుంటే సెకనుకు ఎనిమిది దెబ్బలే పడతాయి, వేటికవి విడివిడిగా. ఒక్క సెకనులో ‘తకధిమి తకధిమి’ అని చెప్పి చూడండి, సరిగ్గా అదే నడక. 33 దెబ్బలు ఏ మృదంగ విద్వాంసుడి నోటికీ అందవు, అవి కలిసిపోయి గుర్రుమని వినిపిస్తాయి. గుర్రుమంటే తప్పు ఒక ప్లగ్గుది కాదు, మాగ్నెటో మొత్తానిది, లేదా దాని నుంచి క్యాబిన్‌లోని తాళం దాకా వచ్చే పీ-లీడ్‌ది, అంటే మాగ్నెటోను ఆపే తీగది. మీ చెవి మీద నమ్మకం లేకపోతే ఫోను మైకును హెడ్‌సెట్ గిన్నెలో పెట్టి రికార్డు చేసి, తర్వాత వేగం తగ్గించి వినండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

తర్వాత ఇంజను తాళంచెవి తిప్పే ఇగ్నిషన్ తాళం. తాళం ‘ఆర్’ మీద ఉందంటే కుడి మాగ్నెటో పనిచేస్తోంది, ఎడమది ఆగింది అని అర్థం. కొత్తవాళ్ళు ఇక్కడే తలకిందులవుతారు. ‘ఆర్’లో రొద పోయిందంటే దోషి ఎడమది. ‘ఎల్’లో పోతే కుడిది. అలాగని ఎడమ మాగ్నెటో అంటే ఎడమవైపు ప్లగ్గులు అనుకోకండి. చాలా లైకమింగ్ ఇంజన్లలో ఒక మాగ్నెటోకు ఒకవైపు పై ప్లగ్గులు, రెండోవైపు కింది ప్లగ్గులు ఉంటాయి. ఏ తీగ ఎక్కడికి పోతోందో చేత్తో పట్టుకుని చూసుకోవాల్సిందే, అదీ ఇంజను చల్లారాక.

రెండు స్థానాల్లోనూ రొద ఏమాత్రం మారకపోతే? ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది, కాబట్టి దాన్ని విమానం ఒంటికి కలిపే ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది. అది తుప్పు పట్టిందా, వదులైందా చూడమని ఇంజనీరుకు చెప్పండి. ఇంకో అవకాశం ఇంతకంటే ప్రమాదకరమైనది, పీ-లీడ్ తెగి ఉండటం. 1800 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో మాగ్నెటోను ఆపి చూసే పరీక్షలో వేగం 150కి మించి పడకూడదు, రెండింటి మధ్య తేడా 50 దాటకూడదు అని ఈ విమానం పుస్తకం చెబుతుంది. అసలు ఏమీ పడకపోతే చాలామంది ‘భలే ఇంజను’ అని మురిసిపోతారు. పీ-లీడ్ తెగి ఉంటే తాళం ఎటు తిప్పినా ఆ మాగ్నెటో ఆగదు, వేగం పడదు, రొద కూడా మారదు. అలాంటి విమానం షెడ్డులో తాళం తీసేసి ఉన్నా, ఎవరైనా ప్రొపెల్లర్‌ను చేత్తో కదిపితే ఇంజను ఒక్కసారిగా అంటుకోవచ్చు. అందుకే ఆపే ముందు, కనీస వేగంలో మాత్రమే, తాళాన్ని లిప్తపాటు ఆఫ్‌కు తిప్పి వెనక్కి తేవాలి. ఆ లిప్తలో ఇంజను చచ్చినట్టు నీరసించాలి. నీరసించకపోతే ఆ రోజుకు ఎగరడం మానేసి, ప్రొపెల్లర్‌కు ‘తాకవద్దు’ అని బోర్డు తగిలించండి.

ఇప్పుడు కౌలింగ్ విప్పిన ఇంజనీరు పక్కన నిలబడి చూద్దాం. తకధిమి నడక, ఎడమ మాగ్నెటో అనుకుంటే అనుమానితులు నాలుగే. ఆయన మోచేతి వంపు లాంటి తీగ చివరను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో నట్టు విప్పుతారు. పట్టుకోకపోతే నట్టుతో పాటు తీగ మెలిపడి, లోపలి అల్లిక అక్కడే తెగుతుంది. రొద వదిలించబోయి కొత్త రొద తెచ్చుకునేది ఇలాగే. తీగ చివర తెల్లని సిగరెట్టు ముక్క లాంటి పింగాణీ గొట్టం, దాని కొసన స్ప్రింగు ఉంటాయి. పింగాణీ మీద పెన్సిల్ గీసినట్టు సన్నని నల్లని చార కనబడితే దాన్ని జాగ్రత్తగా చూడండి, స్పార్కు సిలిండరులోకి పోకుండా పక్కదారి పట్టిన బాట అది. దాన్ని వేలితో తుడవకండి. చేతి జిడ్డే రేపు ఇంకో చార అవుతుంది. శుభ్రం చేయడానికి ఆల్కహాల్, పొడి గుడ్డ చాలు.

పింగాణీ తెల్లగా ఉంటే ప్లగ్గు వంతు. మల్టీమీటరు ఒక కొన గొట్టం అడుగున ఉన్న కాంటాక్టుకు, రెండో కొన మధ్య ఎలక్ట్రోడుకు. 5000 ఓంలు దాటిన ప్లగ్గును పక్కన పెట్టేస్తారు. లోపలి రెసిస్టర్ చెడితే కరెంటు అక్కడ కూడా దూకి దాటాలి, అది మరో స్పార్కు. ప్లగ్గు కూడా బాగుంటే తీగ పొడవునా వేలితో తడుముతూ పోవాలి. బాఫిల్ రేకు (సిలిండర్ల మీదికి గాలిని మళ్ళించే రేకు) అంచు దగ్గర, క్లాంపుల కింద ఎక్కువ అనుమానం.

రేడియో కరెంటు తీగకు ఫిల్టర్ బిగిస్తే పోదా అని గత పాఠం తర్వాత ఒకరు అడిగారు. రొద ఆంటెన్నా గుండా వస్తుంటే ఫిల్టర్ ఏమీ చేయదు. ఆంటెన్నా ఊడదీసి విన్నప్పుడు రొద పోతే అది గాలి దారినే వస్తోందని తెలిసిపోతుంది. ఊడదీసి ఉన్నంతసేపూ మైకు బటన్ మాత్రం నొక్కవద్దు, ట్రాన్స్‌మిటర్ చెడుతుంది. ఒకవేళ కరెంటు తీగ దారినే వస్తున్నా నేను ఫిల్టర్‌ను చిట్టచివరికే ఉంచుతాను. తెగుతున్న తీగ మోతను ఫిల్టర్ కప్పిపెడితే, ఆ తీగ పూర్తిగా తెగేదాకా మనకు కబురు అందదు.

ఈ వారం పని: 1000, 1400, 1800 ఆర్‌పీఎమ్‌ల దగ్గర, తాళం మూడు స్థానాల్లోనూ (‘ఆర్’, ‘ఎల్’, రెండు మాగ్నెటోలూ నడిచే ‘బోత్’) వినిపించిన నడకను తొమ్మిది గడుల పట్టికలో రాయండి. 1400 దగ్గర ఒక్క ప్లగ్గు రొద సెకనుకు ఎన్ని దెబ్బలో ముందే లెక్క వేసుకుని కూర్చోండి. వర్షంలో ఎగిరేటప్పుడు మాత్రమే వచ్చే హోరును ఈ పట్టికలో కలపకండి, దానికి ఇంజనుతో సంబంధం లేదు. వచ్చే పాఠం దాని గురించే.