తొలకరికి ముందే షెడ్డులో సోలార్ చూసుకోండి, ముఖ్యంగా ఆ ఎర్ర వైరు

పోయిన నెల మా పక్క కాఫీ తోటలో రేకుల షెడ్డు తగలబడింది. చింతపల్లి నుంచి జీపెక్కి, దిగాక ఇంకో గంట నడిస్తే వచ్చే కొండ అది. కరెంటు స్తంభాలే లేవు, ఇక ఫైరింజన్ ఎక్కడి నుంచి వస్తుంది? మనుషులంతా బయట మిరియాలు ఆరబోస్తున్నారు కాబట్టి బతికిపోయారు. మర్నాడు వెళ్లి చూస్తే బ్యాటరీ నల్లటి ముద్దయిపోయి ఉంది. దాని నుంచి ఇన్వర్టర్‌కి వెళ్లే వైర్ల మీద ప్లాస్టిక్ అన్నదే లేదు, ఒట్టి రాగి తీగలు వేలాడుతున్నాయి. బస్తాల వెనక, ఎలుకలు తిరిగే మూల, ఒక్కచోట మాత్రం రెండు తీగలూ కరిగి అతుక్కుపోయి గోలీకాయంత పూస కట్టింది. మంట మొదలైంది అక్కడే.

బ్యాటరీ ప్లస్ దగ్గర, అంటే ఎర్ర వైరు మొదట్లో, ఫ్యూజు లేదు. అంతే సంగతి.

మా చుట్టుపక్కల తోటల్లో నేను చూసిన షెడ్లలో సగానికి పైగా ఇదే పరిస్థితి. అడిగితే "12 ఓల్టులేగా, షాక్ కూడా కొట్టదు" అంటారు. నిజమే, కొట్టదు. కానీ ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ప్లస్సూ మైనస్సూ కలిశాయంటే వెయ్యి ఆంపియర్లు దాటి పారుతుంది, ఏ వైరూ దాన్ని తట్టుకోలేదు, క్షణాల్లో ఎర్రగా కాలి పక్కనున్న గోనెసంచిని అంటిస్తుంది. నా దగ్గర ఒక 13 నంబరు పానా ఉంది. ప్లస్ నట్టు బిగిస్తుంటే దాని రెండో చివర మైనస్‌కి తగిలింది, అర సెకను కూడా ఉండదు, అంచు పావలా బిళ్లంత మేర కరిగిపోయింది. అప్పట్నుంచి పానా పట్టుకునే చోట తప్ప మిగతా అంతా ఇన్సులేషన్ టేపు చుట్టి పెట్టుకున్నాను.

ఇంకో మాట కూడా వింటుంటాను. బిగించడానికి వచ్చిన కుర్రాడు "ఇన్వర్టర్ లోపల ఫ్యూజు ఉంది సార్" అంటాడు. ఉంటే ఉంటుంది, అది ఇన్వర్టర్‌ని కాపాడుకోవడానికి. మధ్యలో వైరుని ఎలుక కొరికితే కరెంటు ఆ ఫ్యూజు దాకా వెళ్లదు, కొరికిన చోటే తిరిగి బ్యాటరీకి వచ్చేస్తుంది. అందుకే ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరం లోపే ఉండాలి. గోడ మీద కాదు, ఇన్వర్టర్ పక్కన కాదు, ప్లస్ దగ్గర. 850 వీఏ ఇన్వర్టర్ పూర్తి లోడు మీద 60, 70 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 25 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) రాగి కేబులు, 80 ఆంపియర్ల బోల్టు ఫ్యూజు సరిపోతాయి. ప్యానెల్ కరెంటుని అదుపు చేసి బ్యాటరీకి ఎక్కించే కంట్రోలర్ ఉంటుంది కదా, దానికి వెళ్లే వైరుకి వేరే ఫ్యూజు. ఫ్యూజు ఎప్పుడూ వైరు మోయగలిగే దానికంటే తక్కువే ఉండాలి, ముందు కాలిపోవాల్సింది అదే కాబట్టి. ఫ్యూజు పోయిందని రాగి తీగ చుట్టేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు.

ఇక బ్యాటరీ పెట్టే చోటు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు అందులోంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి పేలుతుంది. చలికాలం లంబసింగి వైపు మంచు పడుతుంది కదా అని బ్యాటరీని చెక్కపెట్టెలో పెట్టి దుప్పటి కప్పినవాళ్లని చూశాను. ఇంకొకరి షెడ్డులో సరిగ్గా బ్యాటరీ మీది అరలోనే దేవుడి పటం, రోజూ అగరొత్తులు. పటమన్నా మార్చండి, బ్యాటరీ అన్నా మార్చండి. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్లు పోయొద్దు, ఊటనీళ్లు ఎంత తేటగా కనిపించినా సరే.

ప్యానెళ్ల విషయానికొస్తే, వాటికి ఆఫ్ అనేది లేదు. ఎండ ఉన్నంతసేపూ కరెంటు ఉన్నట్టే. 330 వాట్ల ప్యానెల్ ఒక్కటే, లోడు లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు, 45 ఓల్టుల దాకా ఇస్తుంది, రెండు సిరీస్‌లో కలిపితే 90, అప్పుడు షాక్ కూడా కొడుతుంది. పని చేయాలంటే పొద్దు పోయాక చేయండి, కాదంటే మందపాటి దుప్పటి కప్పి చేయండి. ప్యానెల్ లైనులో ఇంట్లో వాడే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్) పెట్టొద్దు. ఇంటి కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి స్విచ్ తెరుచుకున్నప్పుడు లోపల పుట్టే మెరుపు వెంటనే ఆరిపోతుంది, డీసీలో ఆ సున్నా రాదు, మెరుపు అలాగే నిలబడి ఎంసీబీని కరిగించేస్తుంది. డీసీ అని రాసి ఉన్నదే కొనండి, ప్లస్ మైనస్ గుర్తులు చూసి బిగించండి.

రోహిణి కార్తె నడుస్తోంది, పిడుగులు మొదలయ్యాయి. మిగతావి గబగబా రాస్తాను.

బిగించేటప్పుడు కంట్రోలర్‌కి ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. తిరగేస్తే కంట్రోలర్ పోతుంది.

ప్యానెల్ ఫ్రేముకి ఎర్తింగు ఇవ్వండి. ఉరుము వినిపించిందంటే ఆ వైర్ల జోలికి పోవద్దు.

స్టాండు బోల్టులు ఇప్పుడే బిగించండి, ఈదురుగాలి కిందనుంచి ఎత్తేస్తుంది. బైండింగ్ వైరుతో కట్టిన ప్యానెల్ గాలికి లేచిన గడ్డపలుగుతో సమానం.

సిమెంటు రేకుల మీద ఎక్కితే బోల్టులున్న వరస మీదే కాలు పెట్టండి. వాన పడ్డాక అసలు ఎక్కొద్దు.

ప్లస్ వైరు, మైనస్ వైరు కలిపి టేపు చుట్టొద్దు. వేరు వేరు పైపుల్లో వేయండి. ఎలుకలు.

బ్యాటరీ పక్కన బస్తాలు వద్దు. డీజిల్ డబ్బా అసలు వద్దు.

నట్లు వదులైతే అక్కడే కాలుతుంది. లోడు నడుస్తుండగా వాసన వచ్చినా, కేబులు వేడెక్కినా ఆపేసి, చల్లారాక బిగించండి, తర్వాత వాజిలిన్ రాయండి.

ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే టీవీ, మిక్సీ బంద్, లైట్లు, ఫోన్ ఛార్జింగే. లోడు తీసేసి కాసేపయ్యాక 12.2 ఓల్టులు చూపిస్తే సగం అయిపోయిందని లెక్క, ఆ కిందకి లాగొద్దు.

పొడి ఇసుక బకెట్ గుమ్మం దగ్గర ఉంచండి, బ్యాటరీ దగ్గర కాదు, మంట వస్తే అక్కడికి మీరు వెళ్లలేరు.

ప్లస్ దగ్గర ఫ్యూజు. మూడోసారి చెబుతున్నానని విసుక్కోవద్దు. వైరు సైజు తెలియకపోతే ఓ బెత్తెడు ముక్క కోసి జేబులో వేసుకుని కార్ల ఎలక్ట్రికల్ షాపుకి వెళ్లి చూపించండి, దానికి సరిపోయే ఫ్యూజు, హోల్డరు వాళ్లే ఇస్తారు. విడి ఫ్యూజులు ఇంకో రెండు తెచ్చుకోండి, వానల్లో మళ్లీ కొండ దిగడం మీ వల్ల కాదు.