వానలు పడకముందే బొద్దింకల పెట్టె మెష్ మార్చుకోండి

మృగశిర కార్తె వస్తోంది. జూన్ వానలు శ్రీకాకుళం చేరేలోపు బొద్దింకలు పెంచేవాళ్ళు మూతలకున్న మెష్ ఒకసారి విప్పి చూసుకోవాలి. చేపలకో పక్షులకో మేతగా డూబియా రకం బొద్దింకలు పెంచేవారికైనా, నాలాగా ఏడు చుక్కల డొమినో బొద్దింకల్ని ముచ్చటపడి పెంచుకునేవారికైనా ఈ పని తప్పదు. డొమినో మన దక్షిణ భారతం పురుగే. నల్లటి రెక్కల మీద తెల్ల చుక్కలతో ఎంత అందంగా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. దాని పిల్లలు రాలిన ఆకుల కింద, మట్టిలో దాగి బతుకుతాయి. అందుకే లోపల ఏం జరుగుతోందో మనకు ఆలస్యంగా తెలుస్తుంది.

నాకూ ఆలస్యంగానే తెలిసింది. పోయిన వానాకాలం వంటింటి కిటికీకి కొట్టగా మిగిలిన దోమల మెష్ ముక్కనే మూతకు అతికించాను. ఒక రోజు మూత తీస్తే గూని వీపున్న చిన్న చిన్న ఈగలు, ఎగరడానికి బదులు ముందు గబగబా పరుగెత్తాయి. అలా పరుగెత్తాయంటే అవి ఫోరిడ్ ఈగలే. మిగిలిపోయిన అరటిపండు ముక్క, చచ్చిన బొద్దింక, ఏది కుళ్ళినా గుడ్లు పెట్టేస్తాయి. వెచ్చని చెమ్మలో రెండు మూడు వారాలకే కొత్త తరం తయారు. మట్టంతా పారబోసి, పిల్లల్ని చెంచాతో ఒక్కొక్కటిగా ఏరుకున్నాను. అందులో చాలా వాటిని దక్కించుకోలేకపోయాను. ఆ బాధతోనే ఇదంతా రాస్తున్నాను.

కొట్టులో "సన్న మెష్" అని అడిగితే ఎవరికి తోచింది వాళ్ళు ఇస్తారు. "దోమలకైతే ఇది సరిపోద్ది బాబూ" అంటారు, నిజంగానే దోమలకు సరిపోతుంది. మనం చూడాల్సింది కన్ను, అంటే రెండు తీగల మధ్య ఖాళీ. వల కొనేటప్పుడు మన బెస్తవాళ్ళు మొదట కన్నే కదా చూస్తారు! కిటికీ మెష్‌లో అంగుళానికి 16 నుంచి 18 పోగులుంటాయి, కన్ను సుమారు 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్లు. ఫోరిడ్ ఈగ పొడవు రెండు మూడు మిల్లీమీటర్లున్నా ఒళ్ళు సన్నం, దూరిపోతుంది.

లెక్క సులువు. 25.4ని అంగుళంలోని తీగల సంఖ్యతో భాగించి, అందులోంచి తీగ మందం తీసేస్తే కన్ను వస్తుంది. 40 మెష్ (అంగుళానికి 40 తీగలు), తీగ 0.25 మిల్లీమీటర్లు అయితే కన్ను 0.38 మిల్లీమీటర్లు. ఫోరిడ్ ఈగలు, చలిచీమలు, అప్పుడే పుట్టిన బొద్దింక పిల్లలు ఏవీ దాటవు. కొట్టువాడి మాట మీద వదిలేయకుండా స్కేలు పక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి ఒక సెంటీమీటరులో తీగలు లెక్కపెట్టండి. పదహారు ఉంటే అది 40 మెషే.

ఇంకా సన్నగా 80, 100 కొంటే ఇంకా మంచిది కదా అనుకోవద్దు. ఆ కన్నులు పెంటికల దుమ్ముతో తొందరగా పూడుకుపోతాయి, లోపల ఆవిరి పట్టి బూజు మొదలవుతుంది. మేతకు పట్టే, కంటికి సరిగా ఆనని నల్లులు (మైట్లు, మంచాల నల్లులు కావు) 40 మెష్‌లోంచీ దూరగలవు, నిజమే. కానీ వాటిని మెష్‌తో ఆపాలని చూస్తే ఓడిపోతాం, గాలి ఆడి మేత పొడిగా ఉంటేనే అవి తగ్గుతాయి. ఇక్కడే చాలామంది పొరపడతారు. కిటికీ మెష్‌లో దాదాపు 68 శాతం ఖాళీ ఉంటే, పైన చెప్పిన 40 మెష్‌లో 37 శాతమే. అంటే పెట్టెకున్న పాత కోత సైజుకే కొత్త మెష్ బిగిస్తే గాలి సగమైపోయినట్టే. కోత రెండింతలు పెద్దది చేయండి. ఒక కోత పెట్టె పక్క గోడకు కిందుగా, ఇంకొకటి ఎదుటి గోడకు పైగా ఉంటే గాలి దానంతటదే కదులుతుంది. ఫ్యాన్ పెట్టాం కదా అని చిన్న కోతతో సరిపెట్టుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళు ఎన్నాళ్ళు కరెంటు లేకుండా ఉన్నాయో మనం చూశాం.

రకం విషయానికొస్తే స్టెయిన్‌లెస్ స్టీలే తీసుకోండి. నారుమళ్ళ మీద కప్పే 40 మెష్ నైలాన్ వల కన్ను సరిగ్గానే ఉంటుంది గానీ బొద్దింకలు దాన్ని కొరికేస్తాయి, ఫైబర్ మెష్ కూడా అంతే. జీఐ (జింకు పూసిన ఇనుము) మెష్‌కు ఉప్పుగాలి తగిలితే తుప్పు పడుతుంది. కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్ళు దొరికితే 316 రకం స్టీలు తీసుకోవడం మేలు, మిగతావారికి 304 చాలు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు మలేరియా కోసం పంచే దోమతెరల ముక్క ఎట్టి పరిస్థితిలోనూ వాడకండి. వాటి దారంలోనే పురుగుమందు ఉంటుంది, బొద్దింకలకు అది విషమే. వానాకాలం వీధిలో పొగ కొట్టేటప్పుడు ఏ మెష్షూ ఆ పొగను ఆపలేదు. బండి శబ్దం వినగానే ఇంటి తలుపులు వేసి, పెట్టె మీద తడిగుడ్డ కప్పి, వాసన పోయాకే తీయండి. చీమల చాక్‌పీసు గీతలూ పెట్టె దగ్గర వద్దు. అన్నం అలమర కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళు చూడండి, పెట్టె కిందా అలాగే పెట్టండి.

బిగింపు దగ్గర తొందరపడొద్దు. గన్‌తో పెట్టే వేడి జిగురు రేకుల ఇంట్లో ఎండకు మెత్తబడి అంచు లేచిపోతుంది. రెండు ప్లాస్టిక్ పట్టీల మధ్య మెష్ పెట్టి చిన్న బోల్టులు బిగిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. కోసిన తీగ కొసలు లోపలికి పొడుచుకు రాకుండా మడవండి. దుమ్ము దులిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఈ పెంటికల పొడి ఆయాసం ఉన్నవాళ్ళకు పడదు. సిలికోన్ జిగురు వాడితే వెనిగర్ లాంటి వాసన పూర్తిగా పోయేదాకా పురుగుల్ని లోపల వేయొద్దు. అన్నీ అయ్యాక రాత్రి దీపాలార్పి, ఖాళీ పెట్టెలో టార్చి వెలిగించి పెట్టి చుట్టూ తిరిగి చూడండి. మెష్ కన్నుల్లోంచి కాకుండా అంచుల వెంట ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ మళ్ళీ బిగించాలి.