విమ్‌లో ట్యాబ్‌ల గొడవ ఎలా తీరిందంటే

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో రాసుకున్న పైథాన్ స్క్రిప్ట్ ఒకటి ఉన్నట్టుండి ట్యాబ్ ఎర్రర్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఫర్ లూప్ కింద ఉన్న రెండు లైన్లూ కంటికి ఒకే వరుసలో ఉన్నాయి. ఎన్నిసార్లు చూసినా తేడా తెలియలేదు, టెన్షన్ పెరిగింది.

చివరికి విమ్‌లో కోలన్ నొక్కి, కనిపించని ట్యాబ్‌లను చూపించే ‘సెట్ లిస్ట్’ కొట్టాను. మొదటి లైన్ ముందు ఎనిమిది స్పేస్‌లు, రెండో దాని ముందు ఒక్క ట్యాబ్ గుర్తు! విమ్‌లో మామూలుగా ట్యాబ్ వెడల్పు 8 గళ్లు కాబట్టి రెండూ ఒకేలా కనిపించాయి. పైథాన్ 3 మాత్రం ఈ కలగలుపును ఒప్పుకోదు.

మరి నిన్నటిదాకా ట్యాబ్ కీ నొక్కితే స్పేస్‌లే పడేవి కదా? ముందురోజు లైన్ నంబర్ల కోసం హోమ్ ఫోల్డర్‌లో డాట్ విమ్‌ఆర్‌సీ అనే సొంత సెట్టింగ్స్ ఫైల్ పెట్టి, అందులో ఒకే లైన్ రాశాను. అసలు కారణం అదే. విమ్ 8 నుంచి, మన సొంత ఫైల్ లేకపోతేనే విమ్‌తో వచ్చే సెట్టింగ్స్ ఫైల్ డిఫాల్ట్స్ డాట్ విమ్ దానంతటదే లోడ్ అవుతుంది. ఫైల్ రకాన్ని గుర్తుపట్టి, పైథాన్‌కు 4 స్పేస్‌ల పద్ధతి పెట్టే ప్లగిన్‌ను ఆన్ చేసేది అదే. నా ఫైల్ రాగానే అది ఆగిపోయింది.

నా ఫైల్ మొదటి లైన్‌లోనే డిఫాల్ట్స్ డాట్ విమ్‌ను సోర్స్ చేశాను, అంటే లోడ్ చేయమని రాశాను. స్క్రిప్ట్‌ను మళ్లీ తెరిచి, ట్యాబ్ వెడల్పు 8 గళ్లే ఉండేలా ‘సెట్ ట్యాబ్‌స్టాప్=8’ పెట్టి ‘రీట్యాబ్’ కొట్టగానే ట్యాబ్‌లన్నీ స్పేస్‌లయ్యాయి. ఒక్క జాగ్రత్త: కోట్స్ మధ్య ఉన్న ట్యాబ్‌లను కూడా రీట్యాబ్ మార్చేస్తుంది, అవి చూసుకోండి. ప్రోగ్రామ్‌ను బిల్డ్ చేసే కమాండ్లు రాసే మేక్‌ఫైల్‌లో అసలు వాడకండి, అక్కడ కమాండ్ ముందు ట్యాబే ఉండాలి.